రోల్ నంబరుకో స్పానిష్ క్రియ

కరోనా తర్వాత కాలేజీలు మళ్ళీ తలుపులు తెరిచిన ఏడాది, జూన్ నెలలో, వరంగల్ శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ నన్ను విదేశీ భాషల విభాగాధిపతిగా నియమించింది. అంతకు ముందు చాలా ఏళ్ళు హైదరాబాద్‌లో స్పానిష్ చెప్పాను. పుట్టిన ఊరు హనుమకొండ కాబట్టి, రిటైరయ్యేలోగా కొన్నేళ్ళు ఇంటి నుంచి వెళ్ళి వచ్చే ఉద్యోగం చేద్దామనుకున్నాను. విభాగాధిపతి అన్న మాట చూసి ఎవరూ హడలిపోనక్కర్లేదు. ఆ విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. అధిపతినీ నేనే, అధ్యాపకురాలినీ నేనే, బోర్డు తుడిచేదాన్నీ నేనే. నెలకోసారి విభాగ సమావేశం జరిపి మినిట్స్ పంపాలని ప్రిన్సిపాల్ గారి ఆదేశం. జరిపాను. తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించుకుని, కింద సంతకం చేసి పంపాను.

హోదాల సంగతి ఇక్కడే చెప్పేస్తే తర్వాత గందరగోళం ఉండదు. ఇలాంటి కాలేజీలో పైన చైర్మన్ ఉంటారు, ఆయన కింద ప్రిన్సిపాల్. కాగితం మీద ప్రిన్సిపాలే పెద్ద. అసలు పెత్తనం ప్లేస్‌మెంట్స్ డీన్‌ది. ప్లేస్‌మెంట్స్ అంటే చదువు పూర్తికాక ముందే కంపెనీలవాళ్ళు కాలేజీకి వచ్చి పిల్లలను ఉద్యోగాలకు ఎంచుకుపోవడం. ఎంతమందిని ఎంచుకున్నారన్నది చూసే తల్లిదండ్రులు మరుసటి ఏడాది పిల్లలను చేర్పిస్తారు. మా డీన్ మురళీధర్ గారు అంతకు ముందు ఇంటర్ కోచింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి ర్యాంకులు తెప్పించిన మనిషి. ఆయన దృష్టిలో లోకంలోని విద్యలు రెండే రకాలు, బిట్లుగా కొట్టినవి, ఇంకా కొట్టాల్సినవి. స్పానిష్ రెండో రకంలో ఉందని ఆయనకు మొదటి నుంచీ బెంగ.

నేను చేరిన రెండో ఏడాది ఒక వార్త వచ్చింది. స్పానిష్ మాట్లాడే దేశాల్లోని దుకాణాల తరఫున ఫోన్లు ఎత్తే కంపెనీ ఒకటి వరంగల్‌లోనే ఆఫీసు తెరుస్తోంది. మా స్పానిష్ బ్యాచ్‌లోని ముప్పై మందినీ పరీక్షించి, పనికొచ్చినవాళ్ళను తీసుకుంటామన్నారు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. ఒక క్రియ ఇస్తే దాని రూపాలను అక్షరాలుగా విడగొట్టి, బరువు ఏ అక్షరం మీద పడుతుందో చెప్పాలి. తర్వాత అదే బరువుతో మామూలుగా పలకాలి.

ఈ బరువు సంగతి కొంచెం వివరించాలి. స్పానిష్‌లో క్రియ చివర చూస్తే పని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలిసిపోతుంది. మన ‘చేశాను’, ‘చేశాడు’ లాంటిదే. కాకపోతే అక్కడ కొన్ని రూపాలకు అక్షరాలన్నీ ఒకటే ఉంటాయి. దేన్ని నొక్కి పలుకుతామన్నదే తేడా. ‘పగో’లో ప నొక్కితే నేను డబ్బు కడుతున్నానని. గో నొక్కితే ఆయన కట్టాడని. ఫోన్లో ముఖం కనిపించదు కాబట్టి, తప్పు అక్షరం నొక్కితే ఎవరో కట్టిన బిల్లు మీద పెద్ద రభస జరుగుతుంది. సూత్రం మాత్రం చాలా చిన్నది. మాట అచ్చుతోగాని, న్‌తోగాని, స్‌తోగాని ముగిస్తే బరువు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఇంకే హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద పడుతుంది. ఈ లెక్కకు లొంగని మాటకు, బరువున్న చోట నెత్తిన ఒక చిన్న గీత గీస్తారు. మొత్తం బస్సు టికెట్ వెనక రాసుకోవచ్చు.

మా పిల్లలకు అడ్డొచ్చింది సూత్రం కాదు, పదో తరగతి. పద్యాలకు గణవిభజన చేసి మార్కులు కొట్టిన చేతులు కదా. ‘ఎస్పెరో’ అని బోర్డు మీద రాయగానే నలుగురు లేచి లఘువు గురువు గుర్తులు పెట్టేశారు. ‘స్పె’ సంయుక్తాక్షరం, దాని ముందున్నది గురువు, ‘రో’ దీర్ఘం, అదీ గురువే, కాబట్టి బరువు ఆ రెంటి మీదా అని తేల్చేశారు. ఎంత ధీమాగా చెప్పారంటే ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. స్పానిష్‌వాళ్ళు ఆ రెండు హల్లులనూ విడదీస్తారు. ఎస్, పె, రో. బరువు పె మీద. మన లిపి ఒక హల్లు కింద మరో హల్లును వేలాడదీసి అలవాటు చేసింది కాబట్టి వాటిని విడదీయాలంటే మనకు చెయ్యి రాదు. ఇంకో చిక్కు, బరువంటే మనవాళ్ళు దీర్ఘం అనుకుంటారు. గో నొక్కరా అంటే ఊపిరి అయిపోయేదాకా సాగదీస్తారు. హనుమకొండ చౌరస్తాలో ఆటోవాళ్ళు కాజీపేటకు కేకేసే తీరు గుర్తుచేశాను. ‘కాజీ’ని సగం మింగేసి ‘పేట’ను విసురుతారు. విసరడం వేరు, సాగదీయడం వేరని అప్పుడు కొందరికి అర్థమైంది.

చివరికి బెంచీల మీద దరువు వేయించాను. అక్షరానికొక వేలితట్టు, బరువున్న అక్షరానికి అరచేత్తో ఒక దెబ్బ. పక్క గదిలో ప్రోగ్రామింగ్ చెప్పే లెక్చరర్, స్పానిష్ క్లాసులో బోనాల ఊరేగింపు నడుస్తోందని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశాడు. అందరికంటే బాగా దరువేసేవాడు నరేశ్. పాలకుర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చేవాడు, రైతుల ఇంటి పిల్లవాడు. కూర్చునేది చివరి బెంచీలో. హాజరు అంతంతమాత్రం. వచ్చిన రోజు మాత్రం ఆ గది అదిరిపోయేది.

ముందు బెంచీలో కూర్చునేది సంధ్య. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. ఏ సూత్రం చెప్పినా ఎందుకని అడుగుతుంది, జవాబు నచ్చకపోతే మళ్ళీ అడుగుతుంది. ఆ ఏడాది ఆమెకు ఉద్యోగం రాకపోతే మేనమామ బట్టల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాలని ఇంట్లో నిర్ణయించేశారు. హైదరాబాద్ పంపే ప్రసక్తే లేదు. వరంగల్‌లో తెరిచే ఈ ఆఫీసు ఒక్కటే ఆమెకు మిగిలిన దారి. మామనుగాని, దుకాణాన్నిగాని ఆమె ఎన్నడూ తిట్టలేదు. ‘ఒక్కసారి గా స్టూలు మీద కూసున్ననంటే మల్ల లేవనియ్యరు మేడం’ అని మాత్రం అనేది.

ఇంటర్వ్యూకు కొన్ని వారాల ముందు డీన్ గారు నన్ను పిలిపించారు. స్పానిష్‌లో మొత్తం ఎన్ని వర్బులుంటాయని అడిగారు. వేలల్లో ఉంటాయన్నాను. మరి ఈ కంపెనీ పనికి ముఖ్యమైనవి ఎన్ని అన్నారు. ఓ ముప్పై గట్టిగా వస్తే మొదలుపెట్టొచ్చని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

‘పిల్లలు ముప్పై మంది, వర్బులు ముప్పై. ఇంకేం గావాలె మేడం. రోల్ నంబరుకొకటి పంచేద్దాం. ఒక్కొక్కడు ఒక్క వర్బు వట్టుకొని తోముడే తోముడు.’

ముప్పై మందికీ ముప్పై క్రియలు రావడం వేరు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి రావడం వేరని చెప్పి చూశాను. ఫోన్ చేసిన మనిషి మన రోల్ నంబరు కనుక్కుని దాని ప్రకారం మాట్లాడడు కదా అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. లోకజ్ఞానం లేని భాషల టీచర్లను లెక్కల మాస్టర్లు అలాగే చూస్తారు.

‘ఇంటర్వ్యూల ప్రశ్నలడిగేది మీరే కద మేడం. నంబరు జూసి వాని వర్బు వాన్నే అడుగుండ్రి. వచ్చినోళ్ళు జర సేపు ఇంటరు, సంతకం వెట్టి పోతరు. నేను ర్యాంకులన్ని గిట్లనే తెచ్చిన. మీరేం ఫికర్ చేయకుండ్రి.’

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుందేమోగాని, కాలేజీల్లో ఇది పాత ఆనవాయితీ. తనిఖీ బృందం వస్తోందంటే ఏ ప్రయోగం ఎవరు చేసి చూపాలో, ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో ముందే పంచేసుకుంటారు. నాలుగేళ్ళు ల్యాబుకు వెళ్ళి, తన వాటాకు వచ్చిన ఒకే ఒక్క ప్రయోగంతో పట్టా పుచ్చుకున్న ఇంజినీర్లు మన మధ్య హాయిగా తిరుగుతున్నారు. డీన్ గారు కొత్తగా చేసిందల్లా ఆ ఆనవాయితీని ఒక భాష మీదికి తీసుకురావడమే. నా అభ్యంతరం విని, గంభీరంగా తల ఊపి, మర్నాటికల్లా ఫ్లెక్సీ కొట్టించారు. ‘ఒక విద్యార్థి, ఒక క్రియ’ అని నా క్లాసు గోడకు వేలాడింది.

పంపకం డీన్ గారు రాసిన చార్టు మీద, రోల్ నంబర్ల ప్రకారం జరిగింది. ‘మాట్లాడటం’ అన్న క్రియ, హాజరు పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్లకు పడింది. ‘లేవడం’ అన్నది మొదటి పీరియడ్ మొహం ఎన్నడూ చూడని పిల్లవాడికి దక్కింది. నరేశ్‌కు ‘పగార్’ వచ్చింది. అంటే డబ్బు కట్టడం. మన వైపు పగార్ అంటే జీతం కాబట్టి, ఉద్యోగం రాకముందే జీతం వచ్చేసిందని వాడు క్లాసంతా తిరిగి చెప్పుకున్నాడు. సంధ్యది పదిహేడో నంబరు, ఆమెకు ‘ఎస్పెరార్’. అంటే ఎదురుచూడటం. వారం తిరిగేసరికి పిల్లలు ఒకరినొకరు క్రియల పేర్లతోనే పిలుచుకోసాగారు. తన వాటా క్రియ తప్ప ఇంకోటి బోర్డు మీద రాస్తే, అది తనది కాదని కిటికీలోంచి చూసేవాళ్ళు.

సంధ్య మాత్రం ఆ పంపకాన్ని లెక్కచేయలేదు.

‘నా ఒక్క వర్బుతోటి నేనెవ్వలతోటి మాట్లాడాలె మేడం? అందరం ఒక్క బస్సులనే వస్తం. రోజుకొకల పక్కన కూసోని వాళ్ళది అడిగి వట్టుకుంట’ అంది.

అన్నట్టే పట్టుకుంది. కాలేజీ బస్సులో ఆమె పక్కన కూర్చోవాలంటే పిల్లలు భయపడే పరిస్థితి వచ్చింది. ఎందుకంటే సొంత క్రియ గురించి సొంతదారుకే తెలియని ప్రశ్నలు అడిగేది. ‘తినడం’ పడ్డ అబ్బాయి ‘కోమియేరోన్’ను నాలుగు ముక్కలు చేస్తుంటే, ‘మి’, ‘యే’ విడిపోవని, బలం లేని అచ్చు బలమున్న అచ్చును ఆనుకుని ఒకే అక్షరమైపోతుందని, అది మూడు ముక్కలేనని వాడికే పాఠం చెప్పింది. ఇది తెలిసి డీన్ గారు క్రమశిక్షణ లోపించిందని నొచ్చుకున్నారు.

రిహార్సల్ బ్రహ్మాండంగా జరిగింది. చైర్మన్ గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. నేను నంబరు చూసి క్రియ అడగడం, వాళ్ళు లేచి విడగొట్టి, దరువేసి, పలికి కూర్చోవడం. ముప్పై మందీ తడుముకోలేదు. చైర్మన్ గారికి స్పానిష్ ముక్క రాదు, అందుచేత పూర్తిగా సంతృప్తి చెందారు. వెళ్తూ వెళ్తూ, వచ్చే ఏడాది జపనీస్ కూడా ఇలాగే పెట్టేయమన్నారు.

ఇంటర్వ్యూ రోజు కంపెనీ తరఫున వచ్చింది వసుంధర గారు. కొత్త ఉద్యోగులకు స్పానిష్ ఉచ్చారణ నేర్పే శిక్షకురాలు, కొన్నాళ్ళు మెక్సికోలో పనిచేసి వచ్చిన మనిషి. ఆమె పొద్దున్నే పని మొదలుపెట్టి మధ్యాహ్నానికి వెళ్ళిపోదామనుకున్నారు. అతిథి మర్యాదల ముందు ఎవరి అనుకోవడాలైనా చెల్లవు. కారులో ఖిలా వరంగల్ తీసుకెళ్ళారు, తోరణం దగ్గర ఫొటోలు దిగారు, చైర్మన్ గదిలో శాలువా కప్పారు, ఆ తర్వాత అన్ని రకాలతో భోజనం పెట్టారు. ఈలోపు ముప్పై మంది పిల్లలు టైలు బిగించుకుని వరండాలో కుర్చీల మీద కూర్చునే ఉన్నారు. లేస్తే వరస చెడుతుందని డీన్ గారు నీళ్ళకు కూడా లేవనివ్వలేదు.

భోజనం తర్వాత వసుంధర గారు గదిలోకి వచ్చి, నా కోసం వేసిన కుర్చీ చూసి, మర్యాదగానే చెప్పారు. ప్రశ్నలు తనే అడుగుతారట. నన్ను బయట కూర్చోమన్నారు. అందరికీ ఒకే క్రియ, ఒకే ప్రశ్నలు, లేకపోతే అన్యాయమవుతుందన్నారు. పిలిచేది కూడా రోల్ నంబర్ల ప్రకారం కాదు, ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్ల ప్రకారం. న్యాయం అన్న మాట ప్లేస్‌మెంట్స్ విభాగంలో ఎవరూ ఊహించని విపత్తు. డీన్ గారు కుర్చీలో మెల్లగా కూలబడ్డారు. సమన్వయకర్తగా ఆయనకు గదిలో ఒక మూల కూర్చునే హక్కుంది కాబట్టి అదంతా దగ్గర్నుంచి చూసే భాగ్యం కూడా కలిగింది.

ఆమె ఎంచుకున్న క్రియ ‘పగార్’. వాళ్ళ పనంతా బిల్లులతోనే కాబట్టి అది సహజమే. నేను ఈ రోజు కడుతున్నాను, ఆయన నిన్న కట్టాడు, మేము రేపు కడతాము, ఈ మూడు రూపాలు విడగొట్టి బరువు చూపించి పలకాలి. మొదట వెళ్ళిన అఖిల వాటా క్రియ ‘తెరవడం’. ఏం అడిగినా అదే తెరిచి చూపించి బయటికి వచ్చింది. తర్వాతి అబ్బాయి, అడిగింది వినపడనట్టు, తన క్రియను మొదటి నుంచి చివరిదాకా ఎక్కంలా అప్పజెప్పి దణ్ణం పెట్టి వచ్చాడు. ఏడెనిమిది మంది ఇలాగే వెళ్ళి, ఇలాగే వచ్చారు. వరండాలో ఒక్కొక్కళ్ళ మొహాన నెత్తురు చుక్క లేదు.

అప్పుడు ఎవరో, లోపల అడుగుతున్నది పగార్ అని చెప్పారు. వరస మధ్యలో ఉన్న నరేశ్ తల ఎత్తాడు.

‘పగారా? గది నాది కదరా’ అన్నాడు.

తర్వాత జరిగినదాన్ని నేను కళ్ళారా చూశాను. వాడు కుర్చీ వెనక్కి తిప్పుకుని, ఇంకా లోపలికి వెళ్ళనివాళ్ళందరినీ దగ్గరికి రమ్మని, కుర్చీ చెక్క మీద వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. పగో, దెబ్బ ప మీద. పగో, దెబ్బ గో మీద. ప, గ, రే, మోస్, దెబ్బ రే మీద. ‘గుంజకురా, ఇసిరెయ్. ఎడ్లను అదిలిచ్చినట్టు’ అంటున్నాడు. తప్పినవాణ్ణి నెత్తిన ఒక్కటిచ్చి మళ్ళీ అనిపించాడు. నేను ఆటోలనూ బెంచీలనూ అడ్డంపెట్టుకుని వారాల తరబడి చెప్పినది వాడు ఆ వరండాలో కాసేపట్లో వాళ్ళ నాలుకల మీదికి ఎక్కించాడు. ఆపాలని నాకు అనిపించలేదు. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి పాఠం ఇంకెక్కడా చూడలేదు, నావి కలుపుకొని.

లోపల ఏం జరిగి ఉంటుందో ఊహించొచ్చు. ఎనిమిదో మనిషి దాకా ఎవరికీ రాని క్రియ, తొమ్మిదో మనిషి నుంచి అందరికీ తేనె ధారలా వస్తోంది. అందరిదీ ఒకే వేగం, ఒకే విసురు, ఆఖరికి ఒకే పల్లెయాస. పాలకుర్తి స్పానిష్ అన్నమాట. నరేశ్ కూడా వెళ్ళి అందరిలాగే చెప్పి వచ్చాడు. ఇంకో నలుగురైన తర్వాత వసుంధర గారు నన్ను లోపలికి పిలిచారు.

ఈ అద్భుతం ఎలా జరిగిందని అడిగారు. ప్రశ్న నన్నే అడిగారు కాబట్టి జవాబు నేనే చెప్పాను. ఫ్లెక్సీ, పంపకం, నంబర్లు, వరండా, అన్నీ. డీన్ గారు మధ్యలో అందుకుని, ‘గది ఒక కాన్సెప్ట్ మేడం’ అన్నారు. ఆ కాన్సెప్ట్ ఏమిటో ఆమె అడగలేదు. పెన్నుకు మూత పెట్టి, ఈ జాబితా మొత్తం రద్దు చేస్తున్నానని, ఇంక ఎవరినీ చూడాల్సిన పని లేదని చెప్పారు. తలుపు దగ్గర తర్వాతి పేరు పిలుస్తారని సంధ్య నిలబడి ఉంది. ఆ మాట ఆమె వింది. మొహం చూస్తే తెలిసిపోయింది, ఆ క్షణంలో ఆమెకు కనిపించినది బట్టల దుకాణంలోని స్టూలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకొక్కరిని చూడండి, మీ ఇష్టమొచ్చింది అడగండి, ఈ అమ్మాయికి రాకపోతే మొత్తం రద్దు చేసుకోండి అన్నాను.

వసుంధర గారు నిట్టూర్చి, సంధ్య వాడిపోయిన మొహం చూసి, ప్రశ్నగా కాదు, ఊరికే పలకరింపుగా, ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నావమ్మా అని స్పానిష్‌లో అన్నారు. డీన్ గారికి స్పానిష్ రాదు. కానీ రిహార్సళ్ళలో విని విని ముప్పై క్రియల చప్పుళ్ళూ ఆయనకు కంఠతా వచ్చు. ‘ఎస్పెరా’ అన్నది చెవిన పడగానే మూలలోంచి ఆనందంగా లేచారు.

‘అగో, గదే ఆమె వర్బు మేడం. పదిహేడో నంబరు. అడుగుండ్రి, అడుగుండ్రి.’

పొద్దుటి నుంచి ఆయన చార్టు నిజమైంది ఆ ఒక్కసారే. దాన్ని కూడా ఆయనే చెడగొట్టారు. వసుంధర గారి మొహం గట్టిపడింది. అయితే ఆ క్రియ వద్దు, అది తప్ప మిగతా భాషంతా నీదే, ఈ రోజు పొద్దుటి నుంచి ఇక్కడ ఏం జరిగిందో చెప్పు అని సంధ్యతో స్పానిష్‌లో అన్నారు.

సంధ్య ఒకసారి నా వైపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. చేత్తో దరువు లేదు, గుర్తులు లేవు. పొద్దున్నే వచ్చాను అంది. ‘యెగే’, బరువు గే మీద. మూల నుంచి డీన్ గారు మెల్లగా ‘నాలుగు’ అన్నారు. కూర్చున్నాను అంది. ‘పదకొండు’ అన్నారు ఆయన. మీరు కోట చూశారు. ‘ఇరవై రెండు.’ మీరు తిన్నారు. కో, మియే, రోన్. మూడే ముక్కలు, బరువు మధ్యదాని మీద. ‘ఆరు.’ మేము మంచినీళ్ళు కూడా తాగలేదు. ‘ఏడు.’ డీన్ సార్ మాట్లాడారు, తర్వాత మాట్లాడారు, మళ్ళీ మాట్లాడారు. ‘ఒకటి, ఒకటి, ఒకటి’ అన్నారు డీన్ గారు. హాజరు పిలుస్తున్నట్టు ఆయన వేళ్ళు మడుస్తున్నారు. తన గురించే చెబుతోందని ఆయనకు తెలియదు. వసుంధర గారు పెదవులు బిగించుకుని కిటికీ వైపు తిరిగారు.

సంధ్య ఆగలేదు. మా అందరికీ తలా ఒక క్రియ ఇచ్చారు అంది. మీరు నరేశ్ క్రియ అడిగారు. నరేశ్ మాకు నేర్పాడు అంది. ‘ఎన్‌సెన్యో’, బరువు చివర. మేము నేర్చుకున్నాము అంది. ‘ఆప్రెన్‌దీమోస్’, బరువు దీ మీద. నేర్పడం తప్పా, నేర్చుకోవడం తప్పా, ఏది తప్పో చెప్పండి అని అడిగింది.

డీన్ గారి వేళ్ళు ఆగిపోయాయి. చార్టంతా మనసులో తిప్పుకున్నట్టున్నారు. నా వైపు వంగి గుసగుసగా అడిగారు.

‘గీ ఆఖరి రెండు ఎవలి నంబర్లు మేడం?’

‘ఎవరివీ కాదు సార్. మనం పంచలేదు. ఆ పిల్ల సొంతం’ అన్నాను.

వసుంధర గారు పెన్ను మూత తీసి సంధ్య పేరు రాసుకున్నారు. నరేశ్‌ను మళ్ళీ ఒకసారి పిలిచి చూడమని నేను అడిగాను. పిలిచారు. పగార్ కాకుండా ఇంకేదైనా చెప్పమన్నారు. వాడు నవ్వి, ‘నాది ఒక్కటే మేడం. మిగిలినయి నాకియ్యలే’ అన్నాడు. తనకు పంచినదాన్ని నమ్మకంగా తోమినవాడు, ఇంకొకరి జోలికి వెళ్ళనివాడు. వాడికి ఉద్యోగం రాలేదు. డీన్ గారి మాట తు.చ. తప్పకుండా విన్న ఇరవై తొమ్మిది మందిలో ఎవరికీ రాలేదు. వినని ఒక్కదానికి వచ్చింది. నరేశ్‌ను నా విభాగంలో సహాయకుడిగా పెట్టుకుంటానని ప్రిన్సిపాల్‌ను అడిగితే, హాజరు తక్కువగా ఉందన్నారు. ఇప్పుడు వాడు ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడని విన్నాను. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

సంధ్య ఆ ఆఫీసులో చేరింది. నేను రిటైరయ్యేనాటికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఉచ్చారణ నేర్పే పనిలో వసుంధర గారికి చేదోడుగా ఉంది. నేర్పేటప్పుడు టేబుల్ మీద దరువేయిస్తుందట, గుంజకుండ్రి, ఇసిరెయ్యుండ్రి అంటుందట. ఆ మాట తనకు ఎవరు నేర్పారో కూడా చెబుతుందట.

ఇంటర్వ్యూ అయిన వారానికి కాలేజీ గేటుకు ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పైన చైర్మన్, పక్కన డీన్, కింద మూలన పాస్‌పోర్టు సైజులో సంధ్య. ‘ఒక విద్యార్థి, ఒక క్రియ’ పథకం ఘనవిజయం అని రాశారు. మరుసటి ఏడాది అదే కంపెనీ మళ్ళీ వస్తుందని తెలిసినప్పుడు, డీన్ గారు నా విభాగ సమావేశానికి స్వయంగా వచ్చారు. ఆ సమావేశంలో ఇద్దరు మనుషులుండటం అదే మొదటిసారి.

‘పోయినసారి మనం ఏడ తప్పిపోయినమో నాకు దొరికింది మేడం. ముప్పై వర్బులు ముప్పై మందికి పంచినం. గట్ల గాదు. ముప్పై వర్బులు ఒక్క పిల్లకే ఇద్దాం. మిగిలినోళ్ళను గా రోజు లీవు వెట్టుమందాం’ అన్నారు.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు విషయాలు. ఒక సంస్థ తన కళ్ళ ముందు జరిగినదాన్నుంచి కొత్తగా ఏమీ నేర్చుకోదు, తాను ముందే నమ్మినదాన్ని అందులోంచి ఏరుకుని దాచుకుంటుంది. అలాంటి చోట ఒక టీచరు చేయగలిగింది పాఠం చెప్పడం, కాదన్న మాటను కాగితం మీద పెట్టడం. ఆ నెల మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అన్న మాట కొట్టేసి, విభాగం మొత్తం వ్యతిరేకించిందని రాసి సంతకం చేశాను.